నాటీ అంటే లేనివాడు: ఒక ఇంగ్లీషు సున్నా పుట్టుక

మా మేనకోడలు మూడో తరగతి చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు డిక్టేషన్ పుస్తకం తెచ్చి చూపించింది. పదికి ఎనిమిది వచ్చాయి. పోయిన రెండింటిలో ఒకటి 'నాటీ'. తను ఎన్-ఓ-టీ-వై అని రాసింది. టీచర్ ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన ఎన్-ఏ-యూ-జీ-హెచ్-టీ-వై అని రాశారు.

"మామయ్యా, పలకనప్పుడు ఆ జీ-హెచ్ ఎందుకు?" అని అడిగింది.

అప్పటికి ఏదో చెప్పి పంపించాను కానీ, ఆ పిల్ల రాసిన తప్పును చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. స్పెల్లింగ్ తప్పే. కానీ ఆ మాట పుట్టుక తెలిసినవాళ్ళెవరైనా ఆ తప్పు దగ్గర ఆగుతారు. 'కాదు' అనే అర్థమిచ్చే 'నాట్'కు వై తగిలిస్తే నాటీ అవుతుందని తను అనుకుంది. చరిత్ర కూడా ఇంచుమించు అదే చెబుతుంది.

'నాటీ'లోంచి వై తీసేస్తే మిగిలేది ఎన్-ఏ-యూ-జీ-హెచ్-టీ. అది కూడా 'నాట్' అనే పలుకుతుంది. అర్థం 'ఏమీ లేకపోవడం, సున్నా'. తెలుగు లిపిలో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆరక్షరాల దాన్ని పెద్ద నాట్ అనీ, మనందరికీ తెలిసిన మూడక్షరాల దాన్ని చిన్న నాట్ అనీ అందాం. పెద్ద నాట్ ఇప్పుడు వాడుకలో బాగా తగ్గిపోయింది. ఏదైనా ప్రయత్నం వృథా అయితే 'కేమ్ టు నాట్' అంటారు, అంతే. బ్రిటన్‌లో మాత్రం ఏ-యూ బదులు ఓ-యూతో రాసి అంకె సున్నాకు ఇంకా వాడుతున్నారు. మన పిల్లలు ఇంటూలు, సున్నాలు పెట్టి ఆడే ఆటకు అక్కడి పేరు 'నాట్స్ అండ్ క్రాసెస్'. 2000 నుంచి 2009 దాకా గడిచిన పదేళ్ళను అక్కడివాళ్ళు 'నాటీస్' అన్నారు. రెండు సున్నాలున్న ఏళ్ళు అని.

మరి సున్నాకూ అల్లరికీ ఏమిటి సంబంధం? 14వ శతాబ్దం చివర్లో ఈ మాట వచ్చిన కొత్తలో నాటీ మనిషంటే 'నాట్' ఉన్న మనిషి. అంటే ఏమీ లేనివాడు, పేదవాడు. మనం 'ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు' అంటామే, ఆ రెండో మాటకు అచ్చంగా సరిపోయేది. తర్వాత అర్థం జారింది. ఏమీ లేనిది విలువ లేనిదైంది, విలువ లేనిది చెడ్డదైంది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో, యిర్మీయా గ్రంథం 24వ అధ్యాయంలో రెండు గంపల అంజూరపు పళ్ళు కనిపిస్తాయి. ఒక గంపలోవి చాలా మంచివి. రెండో గంపలోవి తినడానికి వీల్లేనంత పాడైనవి. ఆ పాడైన పళ్ళకు అనువాదకులు వాడిన విశేషణం 'నాటీ'. అదే బైబిల్లో యెరికో ఊరివాళ్ళు ప్రవక్త ఎలీషా దగ్గరికి వచ్చి తమ ఊరి నీళ్ళు బాగాలేవని మొరపెట్టుకునే చోట, నీళ్ళు 'నాట్' అని ఉంటుంది, పెద్ద నాట్. అంతకు కొన్నేళ్ళ ముందు షేక్‌స్పియర్ నాటకం 'ది మర్చంట్ ఆఫ్ వెనిస్'లో పోర్షియా దూరాన వెలుగుతున్న చిన్న కొవ్వొత్తిని చూసి, 'నాటీ' లోకంలో మంచి పని కూడా అలాగే వెలుగుతుందని అంటుంది. ఇప్పటి అర్థంతో చదివితే ఆ మాట అల్లరి లోకం అన్నట్టు వినిపిస్తుంది. ఆమె అన్నది దుర్మార్గపు లోకం అని.

పిల్లల అల్లరికి ఈ మాట వాడటం 17వ శతాబ్దంలో మొదలైంది. చెడ్డ అనే తిట్టు పిల్లల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడింది. ఇవాళ మన ఇళ్ళల్లో "మావాడు మహా నాటీ అండీ" అని తల్లులు మురిసిపోతూ చెప్పేది ఆ మెత్తబడిన మాటనే.

మధ్యలో జరిగిన సంగతి మాత్రం నాకు బాధగా అనిపిస్తుంది. లేనివాడు అనే మాట చెడ్డవాడు అనే మాటగా మారింది. మన దగ్గరా ఇదే జరిగింది. 'దిక్కుమాలిన' అంటే ఆసరా లేని అని అర్థం. జాలి పడాల్సిన మాట. మనం దాన్ని తిట్టుగా వాడతాం. 'వెధవ' అన్నది భర్త పోయిన 'విధవ' నుంచి వచ్చింది. ఆ మాటను నోటికొచ్చినట్టు ఎవరినిబడితే వాళ్ళను తిట్టడానికి వాడుతున్నాం. ఇంగ్లీషులో 'విలన్' అంటే మొదట దొరగారి పొలంలో బతికే పల్లెటూరి మనిషి. కింద ఉన్నవాళ్ళ పేర్లే తిట్లుగా మారడం ఏ ఒక్క భాషకో పరిమితం కాదు.

ఇప్పుడు పెద్ద నాట్‌ను విప్పి చూద్దాం. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఇది సుమారుగా 'నావిహ్ట్'. మూడు ముక్కల సంధి. మొదటిది 'నె', అంటే కాదు, లేదు. రెండోది 'ఆ', అంటే ఎప్పుడూ, ఎన్నడూ. మూడోది 'విహ్ట్', అంటే వస్తువు లేదా ప్రాణి. మూడూ కలిపితే 'ఎన్నడూ ఒక్క వస్తువూ కాదు'.

ఇంగ్లీషు, సంస్కృతం ఒకే పెద్ద భాషా కుటుంబానివి కాబట్టి ఇందులో మొదటి రెండు ముక్కలకు మనకు తెలిసిన చుట్టాలున్నారు. 'నె'కు సంస్కృతంలో తోబుట్టువు 'న'. న అన్యథా, న భూతో న భవిష్యతి అనే చోట్ల మనం వినే 'న' అదే. రెండో ముక్క 'ఆ' మనల్ని ఆశ్చర్యపరుస్తుంది. దాని మూలానికి అర్థం ప్రాణశక్తి, దీర్ఘకాలపు బతుకు. అదే మూలం సంస్కృతంలో 'ఆయుస్' అయింది, మన నోళ్ళలో 'ఆయుష్షు'. ఇంగ్లీషువాళ్ళు 'నో' అన్న ప్రతిసారీ అందులో ఆ ఆయుష్షు ఉంది. 'నె', 'ఆ' కలిసే 'నో' అయింది. సున్నా అని చెప్పే మాటలో కూడా ఆయువు దాగి ఉండటం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది.

మూడో ముక్క 'విహ్ట్' విడిపోయి తన దారిన తాను కూడా బతికింది. 'వైట్' అనే పాత ఇంగ్లీషు మాట, డబ్ల్యూ-ఐ-జీ-హెచ్-టీ, ఇదే. మొదట ఏదైనా ప్రాణి అని అర్థం, తర్వాత మనిషి. మనిషి కాని ఏదో శక్తి అనే అర్థం కూడా ఉంది. ఫాంటసీ కథల్లో లేచి తిరిగే శవాలకూ దయ్యాలకూ ఈ పేరు పెడుతున్నారు. తెలుగు పాఠకుడికి ఇది వెంటనే అర్థమవుతుంది. 'భూతం' అంటే ఉనికిలోకి వచ్చినది, ప్రాణి. సర్వభూతాలు, పంచభూతాలు అన్నప్పుడు ఆ అర్థం ఉంది. "అటు వెళ్ళకు, భూతం ఉంది" అన్నప్పుడు మాత్రం వేరే. ఉన్నది అని చెప్పే మాట, ఉందో లేదో తెలియని దానికి పేరైంది. రెండు దూరపు దేశాల్లో ఒకే నడక. విహ్ట్ నుంచే వచ్చిన మరో చిన్న మాట 'విట్'. 'నాట్ ఎ విట్' అంటే ఇసుమంత కూడా కాదు అని.

జీ-హెచ్ సంగతి ఇక్కడ చెప్పాలి. నావిహ్ట్ నలిగి 'నాహ్ట్' అయింది. మధ్యలోని ఆ 'హ్' గొంతులోంచి గట్టిగా వచ్చేది. దాన్ని రాయడానికి జీ-హెచ్ పెట్టారు. తర్వాత ఇంగ్లండ్‌లో ఆ ధ్వని నోట్లోంచి పోయింది, కాగితం మీద మిగిలింది. స్కాట్లండ్ వాళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. వాళ్ళ భాషలో ఇప్పటికీ అది 'నోఖ్ట్'. మనకూ ఇలాంటి అనుభవం ఉంది. 'వాఁడు', 'చేయఁడు' అని ఒకప్పుడు అరసున్న పెట్టి రాసేవాళ్ళం. ఎప్పుడో ముక్కుతో పలికిన ధ్వనికి అది గుర్తు. పలకడం పోయాక కూడా కొన్నాళ్ళు రాశాం. తర్వాత వాడుక తెలుగు రాతలోంచి తీసేశాం. ఇంగ్లీషువాళ్ళు తమ అరసున్నను తీయలేదు. మా మేనకోడలికి మార్కు పోయింది అక్కడే.

ఇక చిన్న నాట్. అది వేరే మాటేమీ కాదు. పెద్ద నాటే అరిగి చిన్న నాట్ అయింది. ఎలా అరిగిందన్నదే ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

పాత ఇంగ్లీషులో 'నేను చెప్పను' అనాలంటే క్రియ ముందు 'నె' పెడితే చాలు. కానీ ఆ 'నె' చాలా చిన్న మాట. వేగంగా మాట్లాడితే వినిపించీ వినిపించకుండా పోతుంది. చెప్పే మాటలో ఔననడం, కాదనడం కంటే ముఖ్యమైంది ఏముంటుంది? అది వినపడకపోతే ప్రమాదం. అందుకని జనం వాక్యం చివర ఒత్తి చెప్పడానికి పెద్ద నాట్‌ను చేర్చారు. 'నేను ఏమీ చెప్పను' అన్నట్టు. మొదట్లో అది గట్టిగా చెప్పాల్సినప్పుడే. రానురానూ ప్రతి 'కాదు' వెనకా అలవాటుగా వచ్చి చేరింది. అలవాటైన దానికి ఒత్తిడి ఉండదు. ఒత్తిడి పోతే మాట అరుగుతుంది. నాహ్ట్ 'నాట్' అయింది. ఇంతలో ముందున్న 'నె' పూర్తిగా రాలిపోయింది. 15వ శతాబ్దానికల్లా కాదనే బాధ్యత అంతా వెనక ఉన్న ఈ అరిగిన మాట మీదే పడింది. తర్వాత 'డూ' తోడొచ్చింది. ఇప్పుడు మాట్లాడేటప్పుడు ఆ 'డూ నాట్' కూడా అరిగి 'డోంట్' అయింది. నాట్‌లో మిగిలింది ఒక ఎన్, ఒక టీ. రెండో వెయ్యేళ్ళలో ఇంకేం రాలుతుందో.

ఈ నడకను పద్ధతిగా వివరించింది డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్, 1917లో. ఆయన పేరుతోనే ఇప్పుడు దీన్ని 'యెస్పర్సన్ చక్రం' అంటున్నారు. ఇంగ్లీషు ఒక్కటే ఈ చక్రంలో తిరగలేదు. జర్మన్‌లో కాదనే మాట 'నిష్ట్', డచ్‌లో 'నీట్'. రెండూ ఇదే మూడు ముక్కల సంధి నుంచి వచ్చినవే. ఫ్రెంచి వాళ్ళది ఇంకా చిత్రం. 'నేను నడవను' అని గట్టిగా చెప్పడానికి వాళ్ళు 'ఒక్క అడుగు కూడా నడవను' అన్నారు. అడుగు అంటే 'పా'. తాగను అనడానికి ఒక్క చుక్క, తినను అనడానికి ఒక్క రొట్టె ముక్క. చివరికి వీటిలో అడుగు గెలిచింది. ఇవాళ ఫ్రెంచిలో తినను, చూడను, నిద్రపోను, దేనికైనా వెనక 'పా' ఉండాల్సిందే. మామూలు సంభాషణలో ముందున్న అసలు 'కాదు'ను వదిలేసి ఒక్క 'పా'తోనే సరిపెట్టేస్తున్నారు. అంటే అడుగు అనే మాటే 'కాదు'గా మారిపోయింది. ఫ్రెంచిలో ఏమీ లేదు అనే 'రియాఁ' లాటిన్‌లో 'వస్తువు' అనే మాట. స్పానిష్ 'నాదా' లాటిన్‌లో 'పుట్టిన వస్తువు' అనే దాంట్లోంచి వచ్చింది. పుట్టినదాన్ని తీసుకొచ్చి లేనిదానికి పేరు పెట్టారు.

లేదని చెప్పడానికి ఏదో ఒక చిన్న వస్తువును చేతిలోకి తీసుకోవడం మనకు కొత్తేం కాదు. 'జేబులో చిల్లిగవ్వ లేదు' అంటాం. గవ్వలే చిల్లరగా చెల్లిన కాలం నుంచి వచ్చిన మాట. అందులోనూ చిల్లి పడ్డది. 'వీసమెత్తు లేదు' అంటాం. వీసం అంటే పదహారో వంతు. 'ఇసుమంతైనా సిగ్గు లేదు' అన్నప్పుడు ఇసుము అంటే ఇసుక. బడిలో చదువుకున్న సుభాషిత పద్యంలో ఇసుమున తైలం తీయడం గుర్తుందా, ఆ ఇసుమే. ఇసుమంత అంటే ఇసుక రేణువంత.

కానీ ఒక తేడా ఉంది. మన గవ్వ గవ్వగానే ఉండిపోయింది. 'నీ దగ్గర డబ్బుందా?' అంటే ఎవరూ 'చిల్లిగవ్వ' అని ఒక్క మాటలో ఊరుకోరు. వెనక 'లేదు' రావాల్సిందే. 'ఏమీ' కూడా అంతే. ఇంగ్లీషు 'నథింగ్'కు సరిసమానమైన ఒక్క మాట కోసం వెతికితే తెలుగులో సులువుగా దొరకదు. ఏమీ లేదు, ఏమీ కాదు, ఏమీ అనలేదు. కాదనే బరువంతా క్రియదే. పైగా మన క్రియ ఇంకో పని కూడా చేస్తుంది. 'పోతాను'లోంచి 'తా' తీసేయండి. 'పోను' మిగులుతుంది. కాదనే మాటేదీ బయటినుంచి తెచ్చి అతికించినట్టు కనిపించదు. 'చేస్తాను', 'చేయను' పక్కపక్కన పెట్టి చూస్తే, 'చేయను'లో వ్యతిరేకార్థానికి గుర్తయిన 'అ' దాగి ఉందని తెలుస్తుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి కాదన్న మాట వినపడకుండా పోయే భయం తక్కువ. అందుకే మన గవ్వకూ ఇసుముకూ ఆ బాధ్యత మోయాల్సిన అవసరం రాలేదని నా ఊహ.

ఇక్కడొక మాట. "ఐ డోంట్ నో నథింగ్" అంటే తప్పని మనకు బడిలో నేర్పారు. రెండు 'కాదు'లు కలిస్తే 'ఔను' అవుతుందని కారణం చెప్పారు. ఆ సూత్రాన్ని గట్టిగా స్థిరపరిచినవాళ్ళు 18వ శతాబ్దపు వ్యాకరణవేత్తలు. అది లెక్కల్లో పనికొచ్చే సూత్రం. అంతకుముందు కొన్ని వందల ఏళ్ళు ఇంగ్లీషువాళ్ళు రెండేసి, మూడేసి 'కాదు'లు ఒకే వాక్యంలో పెట్టి హాయిగా కాదన్నారు. పరీక్షలో ఆ సూత్రం పాటించాల్సిందే, కాదనను. కానీ చిన్న నాట్ పుట్టిందే అలాంటి జంట 'కాదు'లోంచి. ఆ సంగతి కూడా పిల్లలకు చెబితే బాగుంటుంది.

పెద్ద నాట్‌కు ఒక తోబుట్టువు ఉంది. 'న' లేకుండా 'ఆ', 'విహ్ట్' మాత్రమే కలిస్తే వచ్చేది 'ఆట్', ఏ-యూ-జీ-హెచ్-టీ. అర్థం 'ఏదైనా'. 'ఏదైనా'కు ముందు 'న' చేరిస్తే 'ఏమీ లేదు'. ఇంతవరకు లెక్క సరిగ్గా ఉంది. కానీ డిక్షనరీలో ఆట్ దగ్గరికి వెళ్ళి చూస్తే రెండర్థాలు కనిపిస్తాయి. ఒకటి ఏదైనా. రెండోది సున్నా. ఒకే మాటకు పూర్తిగా ఎదురెదురు అర్థాలు. మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను.

కాదు. ఇది విడదీయడంలో వచ్చిన పొరపాటు. సంధి నేర్చుకున్న మనకు ఇది సులువుగా పట్టుబడుతుంది. ఇంగ్లీషులో 'ఒక' అనడానికి హల్లు ముందు 'ఎ', అచ్చు ముందు 'యాన్' పెడతారు. 'ఎ నాట్' అంటే ఒక సున్నా. గబగబా అంటే అది 'ఎనాట్'. విన్నవాడు దాన్ని ఎక్కడ విడదీయాలి? 'ఎ' దగ్గరా, 'యాన్' దగ్గరా? కొందరు 'యాన్ ఆట్' అని విడదీశారు. మాట తలకాయ పక్కమాటకు పోయింది. 19వ శతాబ్దానికి సున్నా అనే అర్థంలో 'ఆట్' స్థిరపడింది. కాదు అని చెప్పే ఒకే ఒక్క అక్షరం పోయింది, అర్థం మాత్రం పోలేదు.

ఇంగ్లీషులో ఈ పొరపాటు ఎన్నోసార్లు జరిగింది. వంటింట్లో కట్టుకునే 'ఏప్రన్' ఒకప్పుడు 'నేప్రన్'. 'యాడర్' అనే పాము 'నాడర్'. క్రికెట్ మైదానంలో వేలెత్తే 'అంపైర్' కూడా ముందు ఎన్‌తో మొదలైనవాడే. ఎదురు దిక్కులోనూ జరిగింది. 'యాన్ ఎకనేమ్', అంటే అదనపు పేరు, 'నిక్‌నేమ్' అయింది. 'ఆరెంజ్'ను కూడా ఈ వరసలోనే చెబుతుంటారు కానీ, దాని 'న' పోయింది ఇంగ్లీషుకు రాకముందే, యూరప్‌లోని లాటిన్ సంతతి భాషల్లో. సంస్కృతం 'నారంగ' నుంచి పర్షియన్, అరబ్బీ మీదుగా వెళ్ళిన మాట అది. మన 'నారింజ'లో ఆ 'న' భద్రంగా ఉంది.

సున్నాగా ఆట్ అమెరికాలో బాగా నిలిచింది. 1906లో అమెరికా సైన్యం తీసుకున్న రైఫిల్ తూటాకు 'థర్టీ-ఆట్-సిక్స్' అని పేరు. అందులో 'ఆట్-సిక్స్' అంటే సున్నా-ఆరు, ఆ ఏడాదికి గుర్తు. వేటగాళ్ళు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఇదే శబ్దంతో ఓ-యూ పెట్టి రాసే 'ఆట్ టు', అంటే చేయాలి అనే మాట, మాత్రం వీటికి చుట్టం కాదు. అది 'ఓ', అంటే బాకీ ఉండటం, అనే క్రియ పాత రూపం.

ఇవన్నీ మాటల్లోని సున్నాలు. అంకెగా రాసే సున్నా ఇంగ్లండ్‌కు వేరే దారిలో వచ్చింది. ఆ దారి మన దేశంలో మొదలైంది. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో సూత్రాలు రాశాడు. 'శూన్యం' అనే మాటను అరబ్బులు 'ఖాళీ' అనే అర్థమున్న 'సిఫ్ర్'గా అనువదించుకున్నారు. దాన్ని ఇటలీ గణితవేత్త ఫిబొనాచ్చి 1202లో 'జెఫిరుమ్' అన్నాడు. అది కుదించుకుపోయి 'జీరో' అయింది. అదే సిఫ్ర్ ఇంకో దారిలో 'సైఫర్' అయింది. అంకె ఇంగ్లండ్ చేరేసరికి అక్కడ 'ఏ వస్తువూ కాదు' అనే మాట సిద్ధంగా ఉంది. దాన్నే ఆ గుండ్రటి గుర్తుకూ పెట్టుకున్నారు. మన 'సున్న' మాత్రం నేరుగా శూన్యం నుంచి వచ్చింది. దాన్ని మనం 'అం'లోని గుండ్రానికి కూడా పెట్టుకున్నాం, ఆ సున్న చక్కగా పలుకుతుంది కూడా.

ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్ వైపు ఈ జంట ఇంకా పల్లె నోళ్ళలో బతికే ఉంది. ఏదైనా అంటే 'ఔట్', ఏమీ లేదంటే 'నౌట్'. మనుషులంత వింతైనది లోకంలో ఇంకోటి లేదని చెప్పే అక్కడి సామెత కూడా నౌట్‌తోనే నడుస్తుంది. ఏప్రన్‌లాగా, అమెరికా ఆట్‌లాగా అక్కడ 'న' పక్కింటికి పోలేదు. ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

మేనకోడలికి ఫోన్ చేసి జీ-హెచ్ సంగతి చెప్పాను. గొంతులోంచి గట్టిగా 'నాహ్ట్' అనమన్నాను. నాలుగైదుసార్లు అంది. తర్వాత ఫోన్ పెట్టకుండానే వాళ్ళమ్మ దగ్గరికి పరుగెత్తింది, "అమ్మా, నేను నాహ్టీ" అని అరుచుకుంటూ.